అమ్మగారు అని రాసిన అట్ట

మావారు కూడా వస్తానన్నారు గానీ నేనే వద్దన్నాను. ఇద్దరం ఒకే విమానం ఎక్కి, దానికి జరగరానిది ఏదైనా జరిగితే, అమ్మాయికి తల్లీ తండ్రీ ఒక్కసారే పోతారు. ఒకరైనా మిగలాలి కదా. ఆ మాట చెబితే ఆయన నా మొహం కేసి కాసేపు చూసి, "సరే, మిగిలేవాణ్ణి నేనే అవుతాలే, నువ్వెళ్ళు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు ఊగుతున్న తీరు చూస్తే లోపల నవ్వుతున్నారని తెలిసిపోయింది.

మా అమ్మాయి ఆ దీవిలో పెద్దాసుపత్రి మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడే పడవల ఇంజన్లు బాగుచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయిని వీడియో కాల్లో చూశాను. గోళ్ళలో గ్రీజు తప్ప వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. ఇక మిగిలింది వాళ్ళమ్మ. భర్త పోయాక పిల్లాణ్ణి ఒక్కతే పెంచిందట. పామొచ్చినా చీపురుతో బయటికి ఊడ్చేసే రకమట. ఆవిడ కొడుకుతో ఒక్కటే మాట అందట: "అమ్మాయి బాగానే ఉంది. వాళ్ళమ్మని చూశాక చెబుతాను."

అంటే మా అమ్మాయి పెళ్ళి నా మొహం మీద ఆధారపడిందన్న మాట. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

ఇద్దరు తల్లులూ దీవిలోనే కలుసుకోవాలని పిల్లలు ఏర్పాటు చేశారు. రాత్రికి దిగడం, పొద్దున్నే కలవడం. ఆవిడ కొడుకు ఇంట్లో దిగుతుంది, నాకు లైట్‌హౌస్ దగ్గర లాడ్జిలో గది.

"అమ్మా, ఆ రాత్రి నాకు డ్యూటీ. రాలేను" అంది అమ్మాయి. "ఎయిర్‌పోర్టు బయటే చివరి బస్సు ఉంటుంది. కండక్టరు మా షాపుకి బీపీ మందులకి వస్తాడు, ఆయనకి చెప్పి ఉంచాను. లైట్‌హౌస్ దగ్గర దింపుతాడు. లాడ్జి ఎదురుగానే. అర్ధరాత్రి దాటాక టీకి వదులుతారు, అప్పుడు లాడ్జికి ఫోన్ చేస్తాను. నువ్వు మాత్రం..."

"నేను మాత్రం?"

"ఆవిడ ముందు నీ భయాలు బయటపెట్టకు. నీకు దండం పెడతాను."

"నాకేం భయాలే?"

అమ్మాయి ఫోను పెట్టేసింది.

విమానం దిగేసరికి నా ఫోను చచ్చిపోయింది. దారి పొడుగునా అమ్మాయి మెసేజి పెట్టిందేమోనని తీసి చూస్తూ చార్జింగంతా నేనే మింగేశాను. సామాను బెల్టు మీద వేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని సంచి ఒళ్ళో పెట్టుకునే వచ్చాను కాబట్టి, అందరికంటే ముందు బయటపడ్డాను. అది ఎయిర్‌పోర్టు అంటే ఎయిర్‌పోర్టు. మా వీధి చివర కల్యాణ మండపం దానికంటే పెద్దది. బయట ఒక్కటే దీపం. గాలి మాత్రం మనిషిని లేపుకుపోయేలా ఉంది. బస్సు అటు పక్కన చీకట్లో ఆగి ఉంది. చీకట్లో నిలబెట్టిన బస్సులో ఎవరుంటారో ఏమిటో అని నేను సంచి గుండెలకి హత్తుకుని నిలబడ్డాను.

అప్పుడు కనిపించింది ఆ అట్ట. అట్టపెట్టె చింపిన ముక్క మీద నల్లరంగుతో లావుపాటి అక్షరాలు: అమ్మగారు. దాన్ని ఎత్తి పట్టుకుని, నడివయసు మనిషి ఒకడు గాలికి అది ఎగిరిపోకుండా గడ్డంతో అదిమి నిలబడి ఉన్నాడు.

"అమ్మగారేనా?" అన్నాడు నన్ను చూసి.

"అమ్మనే నాయనా."

"అబ్బాయి పంపాడండి. తనే వచ్చేవాడు గానీ, సాయంత్రం నడిసముద్రంలో ఒక పడవ ఆగిపోతే లాక్కురావడానికి వెళ్ళాడు. ఏమీ అనుకోవద్దని మరీ మరీ చెప్పాడు."

నా గుండె మీంచి బరువు దిగిపోయింది. బస్సులో వస్తే నేను భయపడతానని మా అమ్మాయి చెప్పి ఉంటుంది, అల్లుడు బండి పంపాడు. ఇంకా పెళ్ళి మాట ఖాయం కాకముందే! ఇలాంటి పిల్లాణ్ణి వదులుకుంటే మాకంటే తెలివితక్కువవాళ్ళు ఉండరు అనుకున్నాను.

"పేరు రాయలేదేం నాయనా?"

"పేరు అడగడం మర్చిపోయానండి. 'మా అమ్మ వస్తుంది, తీసుకురా' అన్నాడు వాడు. ఉత్త అమ్మ అని రాస్తే మర్యాదగా ఉండదని, గారు నేను తగిలించాను."

మా అమ్మ అన్నాడట! అత్తయ్య అని కూడా కాదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బండి అంటే వ్యాను. పగలంతా చేపల రేవుకి ఐసు వేస్తాడట. ముందు సీటు వెనక్కి జరిపి, నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. "కాళ్ళు బాగా చాపుకోండమ్మా. మోకాళ్ళు మడవలేరటగా."

నా మోకాళ్ళకేం, బాగానే ఉన్నాయి. కానీ అల్లుడు అంత శ్రద్ధగా చెప్పి పంపితే లేదనడం ఏం బాగుంటుంది? కాళ్ళు చాపుకున్నాను. కాస్త మూలిగాను కూడా.

ఊరు దాటాక సముద్రం పక్కనే రోడ్డు. వెనకాల ఏదో టపటపా కారుతోంది. తిరిగి చూస్తే పొడుగాటి పెట్టెలు, వాటి మీద గోనెలు కప్పి ఉన్నాయి.

"వెనక ఏమున్నాయి బాబూ, నీళ్ళు కారుతున్నాయి?"

"ఐసండి."

"ఐసులో?"

"ఐసులో ఐసేనండి."

అంత పొడుగు పెట్టెల్లో ఐసులో పెట్టి తీసుకెళ్ళేది ఏమిటో నాకు తెలియదా? మా పక్కింటాయన్ని అలాగే తెచ్చారు. అయినా అల్లుడు పంపిన మనిషి కదా అని ఊరుకున్నాను. కాకపోతే తలుపు గొళ్ళెం ఎటు తిప్పితే తెరుచుకుంటుందో చూసి పెట్టుకున్నాను.

డ్రైవరుకి నోరు ఊరుకోదు. "రేపు అసలు పరీక్షటగా అమ్మగారూ?" అన్నాడు.

"ఏం పరీక్ష?"

"అదేనండి, ఆ పెళ్ళికూతురి తల్లిని చూడ్డం. పాపం మావాడు వారం నుంచీ ఒకటే కంగారు. మీకు నచ్చుతుందో లేదోనని."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అతను చెప్పుకుపోతున్నాడు.

"ఆవిడకి భయమెక్కువటండి. మామూలు భయం కాదట. కూతురు ఫోనెత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆసుపత్రికి ఫోన్ చేసి 'మా అమ్మాయి అక్కడుందా' అని అడుగుతుందట. ఉందమ్మా అంటే, 'ఏ మంచం మీద' అని ఏడుపట! కూతురు పనిచేసేదే అక్కడండీ బాబూ!" అని స్టీరింగ్ మీద కొట్టుకుని నవ్వాడు. "ఆవిడా ఈ రాత్రే దిగుతోందట. బస్సులో తీసుకొస్తున్నారు. ఆ బస్సువాళ్ళ గతి ఏమిటో!"

అలా నేను ఒక్కసారే అడిగాను. మహా అయితే మూడుసార్లు. కానీ అప్పుడు నేను ఆలోచించింది దాని గురించి కాదు. అమ్మ అంటే ఏ అమ్మో, మోకాళ్ళు ఎవరివో, సీటు ఎవరికోసం వెనక్కి జరిపాడో, అన్నీ ఒక్కసారి తలకెక్కాయి.

"బాబూ, ఆపు."

"కడుపులో తిప్పుతోందా అమ్మగారూ?"

"ఆ భయమెక్కువావిణ్ణి నేనే."

అతను బ్రేకు వేసిన ఊపుకి వెనక పెట్టెలన్నీ వచ్చి మా సీటుకి గుద్దుకున్నాయి. లోపలి లైటు వేసి నా మొహం, నా సంచి, నేను చాపుకున్న కాళ్ళు చూశాడు.

"మరి అమ్మగారేనా అంటే అవునన్నారు?"

"అమ్మని కాకపోతే నాన్ననా?"

అతను తల గోక్కున్నాడు. "ఇప్పుడేం చేద్దాం? మిమ్మల్ని లాడ్జిలో దింపేసి..."

"ముందు బండి తిప్పు. ఆవిడా ఇదే విమానం దిగి అక్కడ ఒక్కతే ఉంటుంది."

అతను అబ్బాయికి ఫోన్ చేస్తే సముద్రంలో సిగ్నల్ లేదు. ఆవిడ నెంబరు అతని దగ్గర లేదు, పేరే తెలియనివాడి దగ్గర నెంబరు ఎక్కడిది? వ్యాను వెనక్కి పరిగెత్తింది. నా కళ్ళ ముందు ఆవిడే. మడవలేని మోకాళ్ళతో ఆ ఒక్క దీపం కింద నిలబడి ఉంటుంది. కుక్కలు చేరతాయి. చలికి కళ్ళు తిరుగుతాయి. పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే మనిషి మళ్ళీ లేవదు. కొడుకు సముద్రంలోంచి వచ్చేసరికి... ఇదంతా ఎవరి వల్ల? కోడలయ్యేదాని తల్లి, బండి కొట్టేసి, కాళ్ళు చాపుకుని, మూలుగుతూ వెళ్ళిపోయింది. ఇక ఆవిడ నన్ను చూసి చెప్పాల్సిన పనేముంది? చూడకుండానే చెప్పేస్తుంది. పెళ్ళి పోయింది.

"ఏమీ కాదు లెండి" అన్నాడు డ్రైవరు.

"నువ్వు మాట్లాడకు, రోడ్డు చూడు."

మేము వెళ్ళేసరికి ఎయిర్‌పోర్టు తలుపుకి వాచ్‌మన్ తాళం వేస్తున్నాడు. కుక్క ఒకటి ఉంది గానీ అది నిద్రపోతోంది.

"మోకాళ్ళు పట్టుకుని నడిచే ఆవిడా?" అన్నాడు వాచ్‌మన్. "కాసేపు అటూ ఇటూ చూసిందండి. ఇంతలో బస్సు కండక్టరు వచ్చి 'ఒక్కరే వచ్చారా అమ్మా? మీ అమ్మాయి చెప్పింది, రండి రండి' అని చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించాడు. పాపం భయస్తురాలట కదా. మేమందరం ధైర్యం చెప్పి పంపాం."

డ్రైవరూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. నేను ఆవిడ వ్యాను ఎక్కితే, ఆవిడ నా బస్సు ఎక్కింది!

లైట్‌హౌస్ దాకా మళ్ళీ అదే రోడ్డు. లాడ్జి ఆవిడ నిద్రమొహంతో తలుపు తీసి, "గదులు లేవండి" అంది. "చివరి గది ఇందాకే ఇచ్చాం. ఆవిడకి భయమెక్కువట. వాళ్ళమ్మాయి వారం ముందే వచ్చి అన్నీ చెప్పి వెళ్ళింది."

"ఆ భయమెక్కువావిణ్ణి నేనండీ" అన్నాను.

"ఈవిడేనండి, నేను సాక్షిని" అన్నాడు డ్రైవరు.

లాడ్జి ఆవిడ నోరు తెరిచింది. "మరి లోపలున్నావిడ ఎందుకలా భయపడుతోంది?"

మెట్లెక్కి వెళ్ళి తలుపు కొట్టాను. లోపల ఏదో దబ్బున చప్పుడైంది.

"ఎవరది? నా చేతిలో కర్రుంది!"

"నేనండీ..."

"నేనంటే ఎవరు? ఇంకా ఎంతమంది వస్తారు ధైర్యం చెప్పడానికి? అసలు ఈ ఊళ్ళో ఏం జరుగుతోందో ముందు అది చెప్పండి!"

"ఏమీ జరగట్లేదండీ."

"ఏమీ జరక్కపోతే అందరూ భయపడకండి భయపడకండి అంటారేమిటి? కండక్టరు అన్నాడు. బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి మరీ అన్నాడు, ఇంకాస్తయితే సముద్రంలోకి పోయేవాళ్ళం. దిగుతుంటే బస్సు బస్సంతా కిటికీల్లోంచి చేతులూపి, ధైర్యంగా ఉండండమ్మా అన్నారు. ఈ లాడ్జి ఆవిడ రెండు గొళ్ళేలు చూపించింది. రాత్రంతా లైటు ఆపనంది. తలుపుకి అడ్డం పెట్టుకోమని కుర్చీ ఇచ్చింది! నా జన్మలో నేనెప్పుడూ తలుపుకి కుర్చీ పెట్టలేదు. ఇవాళ పెట్టాను!"

ఉన్నదే చెప్పాను.

"అవి నావండీ."

"ఏవి?"

"ఆ గొళ్ళేలు, ఆ లైటు, ఆ కుర్చీ. ఆ ధైర్యాలన్నీ నాకు చెప్పాల్సినవి. పొరపాటున మీకొచ్చాయి. నేను... అమ్మాయి వాళ్ళమ్మని."

ఈసారి లోపల్నుంచి గొంతు వేరేగా వచ్చింది, నెమ్మదిగా. "అయితే మావాడు పంపిన బండిలో వెళ్ళిందెవరు?"

"నేనేనండీ."

"ఓహో."

ఆ ఓహోలో పెళ్ళి మొత్తం కొట్టుకుపోయినట్టే అనిపించింది. డ్రైవరు మెట్ల దగ్గర నేల చూపులు చూస్తున్నాడు. భయాలు బయటపెట్టకు అని అమ్మాయి దండం పెట్టిన మాట గుర్తుంది. కానీ అంతా అయిపోయాక ఇంకా దాచిపెట్టుకుని ఏం చేసుకోను? తలుపుకి నోరు దగ్గరగా పెట్టి మొత్తం చెప్పేశాను. "అమ్మగారు అని రాసి ఉందండీ. నేను అమ్మనే కదా అని ఎక్కాను. మీ అబ్బాయి మా అమ్మ అన్నాడంటే నన్నే అనుకుని ఏడ్చాను కూడా. మోకాళ్ళు నొప్పులా అంటే కాదనలేక మూలిగాను. వెనక ఐసు చూసి..."

"ఐసు చూసి?"

"శవం అనుకున్నానండీ."

"ఎవరి శవం?" అంది లోపల్నుంచి.

"అది అడగలేదండీ. దగ్గరివాళ్ళదైతే డ్రైవరు బాధపడతాడని."

ముందు ఒక చిన్న కూత లాంటిది వినిపించింది. ఏడుస్తోందేమో, గుండెనొప్పేమో అని తలుపు బాదబోయాను. అది నవ్వు. ఆగి ఆగి వస్తోంది, ఆపుకోలేకపోతోంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఒక గొళ్ళెం, ఇంకో గొళ్ళెం.

నేననుకున్నంత ఎత్తు మనిషి కాదు. నా భుజం దాకా వస్తుందేమో. ఒక చంకలో చేతికర్ర, ఇంకో చేతిలో బాత్రూము మగ్గు, దాని నిండా నీళ్ళు. నవ్వుతుంటే నీళ్ళు తన చీర మీదే ఒలికిపోతున్నాయి.

"నీళ్ళెందుకండీ?"

"మొహాన కొడదామని." మగ్గు డ్రైవరు చేతికిచ్చి నా వైపు తేరిపార చూసింది. ఇదే ఆ చూపు అనుకున్నాను. జుట్టంతా గాలికి రేగిపోయి, సంచి గుండెలకి పెట్టుకుని, పరీక్షలో చదవని ప్రశ్న వచ్చినదానిలా నిలబడ్డాను.

"తెలిశాక ఇక్కడికే వచ్చేయొచ్చుగా? ఎయిర్‌పోర్టుకి ఎందుకు తిప్పించావ్?"

"మీరక్కడ ఒక్కరే ఉన్నారనుకుని."

"ఐసేనని నమ్మావా అప్పటికి?"

"పూర్తిగా నమ్మలేదండీ."

"నమ్మకుండానే, ఆ చీకట్లో, శవంతో పాటు నాకోసం వెనక్కొచ్చావా?"

తల ఊపాను. ఆవిడ ఇంకా ఏదో అడగబోయి మానేసింది. కర్ర గోడకి ఆనించి నా సంచి లాక్కుంది.

"రా వదినా, ముందు లోపలికొచ్చి కూర్చో. కాళ్ళు చాపుకో. మోకాళ్ళు నొప్పులు కదా నీకు!"

వదినా అంది! నేను విన్నది నిజమేనా అని డ్రైవరు వైపు చూస్తే, అతను మగ్గు పట్టుకుని పెళ్ళి పందిట్లో నిలబడ్డవాడిలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కొడుకు ఇంటికి తీసుకెళతాను రండమ్మా అంటే, "నేనెక్కడికీ రాను. ఇక్కడ లైటుంది, కుర్చీ ఉంది, మా వదిన ఉంది. నువ్వెళ్ళి ఆ ఐసు కరక్కుండా చూసుకో" అంది ఆవిడ.

మంచం ఒకటే, కానీ వెడల్పైనది. ఆవిడ అటు, నేను ఇటు కూర్చున్నాం. "కండక్టరు మీ అమ్మాయి చెప్పింది అన్నాడు చూడూ, నాకు అమ్మాయెక్కడిది? మావాడు పంపుతానన్న బండి కనబడలేదు కదా, మీ అమ్మాయే అనుకున్నాను. కాబోయే కోడలు నాకోసం ఏకంగా బస్సే పంపింది, ఎంత మర్యాద తెలిసిన పిల్ల అని మురిసిపోతూ ఎక్కాను. లాడ్జి దగ్గర దింపితే గదీ తనే తీసిందనుకున్నాను" అంది. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. నవ్వితే పక్క గదివాళ్ళు వచ్చి కొడతారేమోనని నాకు భయం. కొట్టనీ, మగ్గుందిగా అంటుంది ఆవిడ.

అంతలో లాడ్జి ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. "మీ అమ్మాయి" అని ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడింది. నేను చెయ్యి చాపేలోపే ఆవిడ అందుకుంది.

"అమ్మా, చేరావా? భయపడ్డావా?" నా కూతురి గొంతు నాదాకా వినిపించింది.

"ఏమ్మా, నీకు బుద్ధుందా? మనిషి భయస్తురాలని తెలిసీ రాత్రివేళ బస్సులో వచ్చెయ్యమంటావా? లాడ్జికి వారం ముందే వచ్చి కుర్చీ గురించి చెప్పడానికి తీరిక ఉంది గానీ, ఒక బండి పెట్టడానికి చేతులు రాలేదా? మా వదిన నోరు లేనిది కాబట్టి సరిపోయింది. మళ్ళీ ఇలా చేశావంటే ఊరుకోను, చెబుతున్నా!"

"మీ... మీరెవరండీ? మా అమ్మేది? మా అమ్మకేమైంది?"

"నేనా?" అంది ఆవిడ, నా వైపు చూసి కన్ను కొట్టి. "మీ అత్తగారిని."

అవతల సీసా ఏదో కింద పడి భళ్ళున పగిలింది. అయ్యో, చెయ్యి కోసుకుందో ఏమో, అది ఏ మందో, విషమేమో అని నేను ఫోను లాక్కోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.